దారంలో మొదటి గుండీ

"లేదు. ఆ సీను ఆ సినిమాలో లేనే లేదు."

గుమ్మంలో చెప్పులు విడుస్తూనే ఆ మాట అనేసింది పెద్దకోడలు. సగం చింపిన మ్యాట్నీ టికెట్ ఇంకా చేతిలోనే ఉంది.

ఆవిడ భర్త గడియారాలు బాగుచేస్తాడు. కంటికి భూతద్దం బిగించుకుని, కిటికీ దగ్గర ఎవరిదో చేతి గడియారం పొట్ట విప్పి కూర్చున్నాడు. తల ఎత్తలేదు.

"ఏ సీను?"

"ఏ సీనా! మీ ముద్దుల మరదలు వారంవారం కళ్ళకు కట్టినట్టు చెబుతుందే, ఆ సీను. రైల్వేస్టేషను, పెట్టె, ముసలావిడ, నారింజపండు. పేర్లు పడ్డప్పటి నుంచి లైట్లు వెలిగేదాకా రెప్ప వేయకుండా చూశాను. స్టేషన్ ఉంది. హీరో రైలెక్కి పోతాడు, అంతే. హీరోయిన్ అసలు స్టేషన్‌కే రాదు."

"సినిమా ఎలా ఉంది?"

"నేను సినిమా చూడ్డానికి వెళ్ళానా?"

మరి దేనికి వెళ్ళావని అడగబోయి ఆయన ఊరుకున్నాడు. పెళ్ళయ్యాక ఆయన సంపాదించుకున్న తెలివంతా ఆ ఊరుకోవడంలోనే ఉంది.

"రేపు ఆదివారం. అందరి ముందూ చెప్పేస్తాను. చిప్ప గుండీ దారంలోంచి ఊడి డబ్బాలో పడాల్సిందే."

"పోనీలేవే. అమ్మకు నచ్చింది కదా."

ఆ ఒక్క మాటా ఆయన అనకుండా ఉండాల్సింది. పెద్దకోడలు టికెట్ ముక్కను నలిపి కిటికీలోంచి బయటకు విసిరేసింది. అమ్మకు నచ్చింది. అదే కదా బాధ!

బయటివాళ్ళకు ఇది పిచ్చిగా కనిపించవచ్చు. ఆ ఇంట్లో మాత్రం గుండీ అంటే మాటలు కాదు. అత్తగారు ఒకప్పుడు కోట్లు కుట్టేది. చూపు పోయాక సూది వదిలేసింది గాని, గుండీల డబ్బాను మాత్రం వదల్లేదు. ఎవరు ఏ సినిమా చూసొచ్చినా కథ ఆవిడకు చెప్పాలి. నచ్చితే ఆ సినిమా పేరున ఒక గుండీ ఏరి దారానికి ఎక్కిస్తుంది. మరీ నచ్చితే ముందుకు, అంతంతమాత్రమైతే వెనక్కి. అన్నిటికంటే ముందున్న గుండీ సినిమాను ప్రతి ఆదివారం మధ్యాహ్నం మళ్ళీ చెప్పించుకుంటుంది. సినిమాల అసలు పేర్లు ఆ ఇంట్లో ఎవరికీ పట్టవు. నల్లకోటు గుండీ, ఇత్తడి గుండీ, చిప్ప గుండీ, అవే పేర్లు. చూసిందే చెప్పాలి, కల్పించకూడదన్నది అత్తగారు పెట్టిన ఒకే ఒక్క షరతు. అది తప్పితే గుండీ మళ్ళీ డబ్బాలోకే.

నల్లకోటు గుండీ పెద్దకోడలిది. ఆపరేషన్ ఫలించలేదని డాక్టర్లు తేల్చేసిన రోజున, ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని ఆవిడ చెప్పిన సినిమా అది. ఒక లైట్‌హౌస్ కాపలాదారు, అతని కూతురు, తుఫాను. కళ్ళకు కట్టుతో ఉన్న అత్తగారు ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుని, "ఊ, తర్వాత?" అని అడిగింది. ఆ రోజు నుంచి ఆ గుండీ దారంలో మొదటిది. ఆ ఇంట్లో ఆవిడ చోటు కూడా మొదటిదే. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే మనిషి కాబట్టి కథ చెప్పినా కామా పోకుండా చెబుతుంది. ఏ చీర కట్టుకుందో, ఏ చేత్తో తలుపు తీసిందో, అన్నీ.

తర్వాత చిన్నకోడలు వచ్చింది. సెలూన్లో ఆడవాళ్ళ జుట్టు కత్తిరించే పిల్ల. కథ చెప్పడమంటే దానికి మధ్యలో నవ్వడం, ఆగిపోవడం, "ఉండండి అత్తయ్యా, అది తర్వాత వస్తుంది" అనడం. ఈమధ్య చూసొచ్చిన సినిమాను అలాగే తడబడుతూ చెప్పింది. అది విని అత్తగారు డబ్బాలో వెతికి వెతికి ముత్యపుచిప్ప గుండీ ఒకటి తీసింది. దారం మొత్తం విప్పి, దాన్ని అన్నిటికంటే ముందు ఎక్కించింది.

పెద్దకోడలికి కడుపు మండిపోయింది. ఇన్నాళ్ళుగా ఆ మంట చల్లారలేదు.

*

ఆదివారం మధ్యాహ్నం హాల్లో చాప పరిచారు. అత్తగారు మధ్యలో కూర్చుని దారం ఒళ్ళో పెట్టుకుంది. ఆవిడ తమ్ముడు క్లైమాక్స్ మామయ్య గోడకు ఆనుకున్నాడు. సినిమా హాల్లో లైట్లు ఆరగానే నిద్రపోయి, సరిగ్గా చివరి ఫైటుకు లేస్తాడు కాబట్టి ఆయనకు ఆ పేరు.

"అక్కా, నా ఇత్తడి గుండీని వెనకపడేసి అన్యాయం చేశావు. ఆ గుర్రం మీద ఫైటు ఇప్పటిదాకా ఎవరైనా తీశారా?"

"ఆ ఫైటుకు ముందు కథేంటి రా?"

"కథ దేనికి? గుర్రం ఉంది కదా!"

"మామయ్యా, ఆ సినిమాలో గోడగడియారం చూశావా?" అన్నాడు గడియారాల ఆయన. "హీరో పొద్దున కాఫీ తాగినా పదింబావే, సాయంత్రం చెల్లెలు ఏడ్చినా పదింబావే. గడియారానికి తాళం కూడా ఇవ్వలేనివాళ్ళు సినిమా ఏం తీస్తారు?"

"నీకు సినిమాలో హీరోయిన్ కనపడదురా, గడియారం కనపడుతుంది!"

అందరూ నవ్వారు. ఆ నవ్వుల్లో ఒక కొత్త గొంతు కూడా ఉంది. చిన్నకొడుకు బస్సు డ్రైవరు. ఆదివారాలు అతను ఇంట్లో ఉండడు. ఈవారం తోటి డ్రైవరు డ్యూటీ మార్చుకోవడంతో, ఇవాళా రేపూ సెలవు కలిసొచ్చింది. టీ గ్లాసు పట్టుకుని గుమ్మం పక్కన కూర్చున్నాడు.

చిన్నకోడలు మాత్రం నవ్వలేదు. పెద్దకోడలు అది గమనించింది. గమనించి సంతోషించింది.

"ఊ, కానీ చిన్నమ్మాయ్," అంది అత్తగారు మొదటి గుండీని వేళ్ళ మధ్య తిప్పుతూ. "చిప్ప గుండీ చెప్పు."

"ఇవాళ వద్దత్తయ్యా. గొంతు బాగాలేదు."

"అయ్యో, పొద్దున పాట పాడుకుంటూ గిన్నెలు తోమావు కదమ్మా!" అంది పెద్దకోడలు తియ్యగా.

"ఇప్పుడే పట్టేసిందక్కా."

"పోనీలే. నేను చెబుతాను. ఇన్ని వారాలు విన్నాను, నాకు నోటికి వచ్చేసింది."

చిన్నకోడలు చటుక్కున తలెత్తింది. "అక్కా, వద్దు."

ఆ గొంతులో భయం ఉంది. దొరికిపోతానన్న భయమే అనుకుంది పెద్దకోడలు. ఇంకొంచెం సర్దుకుని కూర్చుంది.

"ఆవిడను ఇంట్లో ఎవరూ ఏమీ అనరు. కొట్టరు, తిట్టరు. మొగుడు వస్తాడు, తింటాడు, పడుకుంటాడు, లేచి వెళ్తాడు. ఒకరోజు పొద్దున అతను డ్యూటీకి వెళ్ళగానే ఆవిడ బీరువా మీంచి పెట్టె దించుతుంది. పెట్టెకు పిడి విరిగిపోయి ఉంటుంది. పాత నీలం కర్టెన్ లోంచి ఒక పేలిక చించి, పిడికి చుట్టి ముడేస్తుంది. ఎవరికీ చెప్పకుండా స్టేషన్‌కు వెళ్ళిపోతుంది."

అత్తగారి వేళ్ళు గుండీ మీద ఆగిపోయాయి.

"బెంచీ మీద కూర్చుంటుంది. ఒక రైలు వస్తుంది, పోతుంది. ఇంకోటి వస్తుంది, అదీ పోతుంది. పక్కనున్న ముసలావిడ నారింజపండు ఒలిచి, సగం ఈవిడ చేతిలో పెట్టి, వెళ్తున్నావా అమ్మా, వచ్చావా అని అడుగుతుంది. ఎవరినో ఎక్కించడానికి వచ్చానండీ అంటుంది ఈవిడ. ఎవరినమ్మా అని ఆ ముసలావిడ అడగదు. ఈవిడ పండు తినేసి, చేతులు తుడుచుకుని, పెట్టె పట్టుకుని ఇంటికి వచ్చేస్తుంది."

పెద్దకోడలు బాగా చెబుతోంది. ఆ సంగతి ఆవిడకూ తెలుస్తోంది. మామయ్య నిద్రపోకుండా వింటున్నాడు. ఇలా చెప్పడం నాకూ వచ్చు, చూశారా అన్నట్టు అత్తగారి ముఖంలోకి చూసి కొనసాగించింది.

"మొగుడు వచ్చేసరికి పెట్టె బీరువా మీద ఉంటుంది, టీ పొయ్యి మీద ఉంటుంది. అతను ఒక గుక్క తాగి, పంచదార తక్కువైంది అంటాడు. అంతే. ఇంకేమీ అనడు. ఆవిడ డబ్బా తెచ్చి, రెండు చెంచాలు వేసి కలుపుతుంది. చాలాసేపు కలుపుతూనే ఉంటుంది."

మామయ్య పైకండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. "బాగుందమ్మా. గుర్రం లేకపోయినా బాగుంది."

"బాగానే ఉంది మామయ్యా. కానీ ఇందులో ఒక్క ముక్కా ఆ సినిమాలో లేదు. నిన్న మ్యాట్నీకి వెళ్ళి చూసొచ్చాను. పెట్టె లేదు, పండు లేదు, పంచదార లేదు. అంతా సొంత కల్పన. కల్పించి చెబితే గుండీ ఉండకూడదన్నది మీరు పెట్టిన షరతే కదా అత్తయ్యా?"



చిన్నకోడలు ఏదో ఒకటి అంటుందని, వాదిస్తుందని, కనీసం ఏడుస్తుందని పెద్దకోడలు ఎదురుచూసింది. చిన్నకోడలు తన వైపు చూడనే లేదు. గుమ్మం వైపు చూస్తోంది.

అక్కడ మరిది చేతిలో టీ గ్లాసు నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

"మరి ఏ సినిమాలోదమ్మా అది?" అన్నాడు మామయ్య. "ఎక్కడో చూసినట్టే ఉంది."

"నాకూ చూసినట్టే ఉంది మామయ్యా," అన్నాడు మరిది మెల్లగా. గ్లాసు కింద పెట్టాడు. "వదినా, పిడికి కట్టిన గుడ్డ ఏ రంగు అన్నావు?"

"నీలం," అంది పెద్దకోడలు. అనేశాక గాని ఆవిడకు తట్టలేదు. ముందుగది కిటికీకి ఒకప్పుడు ఉండే కర్టెన్లు నీలమే.

మరిది లేచి తన గదిలోకి వెళ్ళాడు. చిన్నకోడలు ఖాళీ గ్లాసులన్నీ ఏరుకుని, నిండుగా ఉన్న మొగుడి గ్లాసు కూడా తీసుకుని, పెరట్లోకి వెళ్ళిపోయింది. కాసేపటికి కుళాయి చప్పుడు వినిపించింది.

*

"నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళు," అంది అత్తగారు.

పెద్దకోడలు చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి పీట వేసింది. హాల్లో గడియారాల ఆయన మామయ్యకు చెప్పులు చూపించి సాగనంపుతున్నాడు. అవతల గదిలో బీరువా పక్కకు స్టూలు లాగిన చప్పుడైంది.

"మీకు తెలుసా అత్తయ్యా?"

"ఆరోజు టీ నేనూ తాగానే. అందులో పంచదార అసలు వెయ్యనే లేదు. వాడు తక్కువైందన్నాడు. నేను అదీ అనలేదు." అత్తగారు దారాన్ని ఒళ్ళోకి లాక్కుంది. "ఎక్కడికెళ్ళావని అప్పుడు అడగలేకపోయాను. అడిగితే చెప్పేస్తుందేమోనని భయం. కొన్నాళ్ళకు సినిమా కథలో పెట్టి అదే చెప్పింది. ఎవరికో ఒకరికి చెప్పుకోవాలి కదా పిల్ల."

"షరతు తప్పిందని తెలిసీ మొదట ఎక్కించారా?"

"మొదట ఉన్నదాన్నే కదా వారంవారం చెప్పించుకునేది. ఆఖర్న ఆవిడ ఇంటికి తిరిగొస్తోందా లేదా అని వింటున్నాను. వస్తున్నంతకాలం నాకు బెంగ లేదు. ఏదో ఒక ఆదివారం ఆ కథలో ఆవిడ రైలెక్కేస్తే, అప్పుడు నాకు ముందే తెలుస్తుంది. వాడికి చెప్పుకోవచ్చు. దాని కాళ్ళావేళ్ళా పడొచ్చు."

పెద్దకోడలికి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. తోడికోడలి గుట్టును తన నోటితో, తన గొంతుతో, కామా పోకుండా ఆమె మొగుడికే వినిపించింది.

అయినా ఆ సిగ్గు కింద ఇంకొకటి రగులుతూనే ఉంది. అది చిన్నకోడలి మీద కాదు. అత్తగారు ఆ పిల్ల కోసం పడే బెంగ మీద.

"అత్తయ్యా, నేను వెళ్ళిపోతానని మీకెప్పుడైనా భయం వేసిందా?"

"నువ్వా?" అత్తగారు ఆశ్చర్యపోయింది. నవ్వింది కూడా. "నువ్వెక్కడికి పోతావే!"

ఎంతో ప్రేమగా అంది ఆ మాట. పెద్దకోడలికి అది చెంపదెబ్బలా తగిలింది. ఇన్నేళ్ళు ఉన్నచోటే ఉన్నందుకు తనకు దక్కింది నమ్మకం. ఒక్కపూట పెట్టె సర్దుకున్న పిల్లకు దక్కింది మొదటి గుండీ.

"ఏడుస్తున్నావా?"

"ఉల్లిపాయలు."

"ఎక్కడ తరుగుతున్నావ్?" అంది అత్తగారు. పెద్దకోడలు ముఖం తుడుచుకుంది. అత్తగారు ఆవిడ చెయ్యి వెతుక్కుని పట్టుకుంది. "అమ్మాయ్, వాడు మంచివాడే. కానీ పంతం మనిషి. ఇది సినిమా కాదని తేలితే దాన్ని గుచ్చి గుచ్చి అడుగుతాడు. అప్పుడది నిజంగానే వెళ్ళిపోతుంది. వాడు అడిగేది నిన్నే. ఈ ఇంట్లో నీ మాటకున్న విలువ ఇంకెవరి మాటకూ లేదు."

"అబద్ధం చెప్పమంటారా?"

"నేనేమీ చెప్పమనడం లేదు," అంది అత్తగారు, చెయ్యి వదలకుండా.

వంటింటి గుమ్మంలో నీడ పడింది. మరిది నిలబడి ఉన్నాడు. చేతిలో నీలం గుడ్డ పేలిక. ముడి విప్పి తెచ్చాడు. ముడతలు అలాగే ఉన్నాయి.

"పెట్టె పిడి ఎప్పుడు విరిగిందని నేను ఒకసారి అడిగాను," అన్నాడు. ఎవరిని ఉద్దేశించి అంటున్నాడో తెలియలేదు. "ఏమో, ఎప్పుడో విరిగింది అంది. నేను సరే అన్నాను."



"వదినా. నువ్వు అబద్ధం చెప్పవు. ఇంటర్వెల్లో హాల్లో ఎంతమంది లేచారో కూడా చెప్పగలవు. నిజం చెప్పు. ఆ సీను ఆ సినిమాలో లేదా?"

చెప్పడానికి నిజం నాలుక చివరే ఉంది. లేదు అంటే చాలు. చిప్ప గుండీ డబ్బాలోకి పోతుంది. ఆ వచ్చే ఆదివారం నల్లకోటు గుండీ మళ్ళీ మొదటి చోటికి వస్తుంది. లైట్‌హౌస్, తుఫాను, "ఊ, తర్వాత?" అన్నీ మళ్ళీ తనవే. బహుశా ఆ వచ్చే ఆదివారం నాటికి చిన్నకోడలే ఉండకపోవచ్చు. ఆ ఆలోచన తనకు ఒక్క క్షణం హాయిగా అనిపించడం చూసి పెద్దకోడలు తనను తానే అసహ్యించుకుంది.

"ఉంది," అంది.

"ఉందా?"

"ఉండే ఉంటుంది. నేను... మధ్యలో నిద్రపోయాను."

సినిమా హాల్లో ఆవిడ నిద్రపోవడం! మామయ్య విని ఉంటే పండగ చేసుకునేవాడు. ఆ మాట అనడానికి ఆవిడకు ఎంత కష్టమైందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. అత్తగారి చెయ్యి ఆవిడ చేతిని గట్టిగా నొక్కింది. ఆసుపత్రి మంచం మీద పట్టుకున్నట్టే పట్టుకుంది.

"అందరి ముందూ లేదన్నావు కదా వదినా."

"కుళ్ళుకొద్దీ అన్నాను. నా గుండీ వెనక్కి పోయిందని ఒళ్ళు మండి అన్నాను. చాలా?"

అది మాత్రం నిజం. నిజం కాబట్టి ఆవిడ గొంతు ఎక్కడా వణకలేదు.

మరిది ఆవిడ ముఖంలోకే చూస్తూ నీలం పేలికను నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ముఖంలో కోపం లేదు. పగలంతా బండి నడిపి దిగిన మనిషిలా ఉన్నాడు.

"సరే వదినా. నువ్వు చెప్పావంటే ఉండే ఉంటుంది. రేపు నాకు సెలవే. ఆ సినిమా ఇంకా ఆడుతోంది." ఫోను తీసి ఏదో నొక్కాడు. "మ్యాట్నీకి మూడు టికెట్లు తీసుకుంటున్నాను. నువ్వు, నేను, అది. నువ్వు నా పక్కన కూర్చో. ఈసారి నిద్రపోవద్దు. ఆ సీను రాగానే నా చెయ్యి తట్టు."

పెరట్లో కుళాయి చప్పుడు ఆగిపోయింది.